తక్కువ డబ్బులో మొదటి ఎడమచేతి బెయిట్‌కాస్టింగ్ రీల్: బాస్ చేపల కోసం ఏది కొనాలి, ఏం చూసుకుని కొనాలి?

ప్రశ్న: కొత్తగాలం

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా స్పిన్నింగ్ రీల్‌తో, అంటే గాలపు కర్ర (రాడ్) కింద వేలాడే రకంతో, బాస్ చేపలు పడుతున్నాను. కుడిచేత్తో ఎర విసరడం, ఎడమచేత్తో హ్యాండిల్ తిప్పడం నాకు బాగా అలవాటైపోయింది. అయితే నేను వెళ్లే నీళ్లలో ఎండలు ముదిరేసరికి ఒడ్డు పొడవునా నాచు, తామరాకులు దట్టంగా అల్లుకుపోతాయి. వాటి మధ్య ఎర వేసి, పట్టిన చేపను ఆకుల కింద దూరకుండా బయటికి లాక్కురావడానికి నా దగ్గరున్న సన్నని లైన్ సరిపోవడం లేదు. లావు లైన్ చుట్టి చూస్తే, స్పిన్నింగ్ స్పూల్ (లైన్ చుట్టి ఉండే చక్రం) మీద అది నిలవకుండా చుట్టలు చుట్టలుగా లేచిపోతోంది. అందుకే రాడ్ పైన కూర్చుని, విసిరినప్పుడు స్పూల్ తానే తిరుగుతూ లైన్ వదిలే బెయిట్‌కాస్టింగ్ రీల్ కొనాలని నిశ్చయించుకున్నాను.

పోయిన నెలలో ఒక స్నేహితుడు తన రీల్ చేతికిచ్చి, సాయంత్రం దాకా వాడి చూడమన్నాడు. దానికి హ్యాండిల్ కుడి పక్కన ఉంది. కుడిచేత్తో విసిరిన తరువాత రాడ్‌ను ఎడమచేతికి మార్చుకుని, కుడిచేత్తో తిప్పాలి. తామరాకుల మధ్య ఖాళీలో ఎర పడి, ఇంకా అడుక్కి చేరకముందే లైన్ మెల్లగా పక్కకు జరగడం నా కళ్లతో చూశాను. ఆ క్షణంలో రాడ్ ఒక చేతినుంచి మరో చేతికి మారుతోంది. హ్యాండిల్ పట్టుకుని లాగేసరికి అవతల ఏమీ లేదు. ఆ సాయంత్రం అలా రెండుసార్లు జరిగింది. అప్పటినుంచి ఎడమచేతి రీలే కావాలని మనసులో నాటుకుపోయింది.

ఒక్క రీల్‌కు మాత్రమే డబ్బు కూడబెట్టగలిగాను, అదీ తక్కువ ధరల వరుసలోనే. షిమానో ఎస్‌ఎల్‌ఎక్స్, డైవా టాటులా, ఆబు గార్సియా బ్లాక్ మ్యాక్స్ చూస్తున్నాను. కుడిచేతి వాటం ఉన్నవాడు కుడి హ్యాండిల్ రీలే నేర్చుకోవాలని కొందరు గట్టిగా చెబుతున్నారు, అందులో నిజమెంత? గేర్ రేషియో ఎంత ఉండాలి? బేరింగులు ఎక్కువ ఉన్నదే మంచిదా? ఒకసారి కొన్నాక మార్చుకునే స్తోమత లేదు కనుక, అనుభవం ఉన్నవారు కాస్త వివరంగా చెబితే మేలు చేసినవారవుతారు.

సమాధానం: నిదానం

ముందుగా పేరు సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే చాలామంది పొరపడేది అక్కడే. ఎడమచేతి రీల్ అంటే హ్యాండిల్ ఎడమ పక్కన ఉన్న రీల్ అని మాత్రమే అర్థం. ఎడమచేతి వాటం మనుషుల కోసం చేసినదని అర్థం కాదు. కాబట్టి మీరు ఏ చేత్తో రాస్తారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. చేప గుంజుతున్నప్పుడు రాడ్ ఏ చేతిలో ఉంటే మీకు ధీమాగా ఉంటుందన్నదే ముఖ్యం. మీరు రెండేళ్లుగా కుడిచేత్తో రాడ్ పట్టుకుని ఎడమచేత్తో తిప్పుతున్నారు కనుక, మీకు ఎడమచేతి రీలే సరైనది. ఇందులో రెండో ఆలోచన అవసరం లేదు.

కుడి హ్యాండిలే నేర్చుకోమని చెప్పేవారి మాటలోనూ కొంత సబబు ఉంది. బలమైన చేత్తో తిప్పితే లోతుకు దిగే పెద్ద క్రాంక్‌బెయిట్‌లను (చేప ఆకారపు గట్టి ఎరలను) రోజంతా లాగినా మణికట్టు తొందరగా అలసిపోదు. పాతతరం గుండ్రటి రీళ్లు బరువుగా ఉండేవి, ఎక్కువగా కుడి హ్యాండిల్‌తోనే దొరికేవి, అందుచేత విసిరి చెయ్యి మార్చుకోవడం ఒక తరానికి ఊపిరి తీసుకున్నంత సహజమైపోయింది. వారిలో నేర్పరులు ఎర గాలిలో ఉండగానే చెయ్యి మార్చేస్తారు. కానీ మీరు చేయదలచినది ఆకుల మధ్య చిన్న ఖాళీల్లో ఎర దించడం. అక్కడ బాస్ చాలాసార్లు ఎర దిగుతుండగానే అందుకుంటుంది. ఎర నీటిని తాకిన క్షణానికి మీ ఎడమచెయ్యి హ్యాండిల్ మీద ఉండాలి. మీరు చెప్పిన రెండు చేపలూ పోయింది సరిగ్గా ఆ అర సెకను తేడా వల్లనే.

ఇంకొక సంగతి. స్పిన్నింగ్ రీల్‌కు హ్యాండిల్ ఊడదీసి రెండో పక్కన బిగించుకోవచ్చు. బెయిట్‌కాస్టింగ్ రీల్‌లో ఆ వీలు లేదు. పెద్ద గేరు, డ్రాగ్ (చేప గట్టిగా గుంజితే లైన్ తెగకుండా జారనిచ్చే ఏర్పాటు) వాషర్లు, నక్షత్రం ఆకారంలో ఉండే డ్రాగ్ చక్రం అన్నీ హ్యాండిల్ ఉన్న పక్కనే అమరి ఉంటాయి. విసిరేటప్పుడు స్పూల్ జోరును తగ్గించే బ్రేకు సాధారణంగా అవతలి పక్క మూతలో ఉంటుంది. కాబట్టి ఏ పక్కది కొంటే ఎప్పటికీ ఆ పక్కదే. కొనేటప్పుడు బొమ్మను నమ్ముకోకుండా మోడల్ నంబరు చదవండి, ఎందుకంటే చాలాచోట్ల రెండు రకాలకూ ఒకే ఫొటో పెడతారు. షిమానోలో చివరి అంకె సరిసంఖ్య అయితే కుడిది, బేసిసంఖ్య అయితే ఎడమది: ఎస్‌ఎల్‌ఎక్స్ 150 కుడిది, 151 ఎడమది. ఆబు గార్సియావారి గుండ్రటి అంబాసిడర్ రీళ్లలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. 6500కు ఎడమ జోడీ 6501. డైవా, లూస్ కంపెనీల రీళ్లకూ, బ్లాక్ మ్యాక్స్‌కూ నంబరు చివర ‘ఎల్’ అక్షరం ఉందో లేదో చూసుకోవాలి.

గేర్ రేషియో గురించి అడిగారు. 7.2:1 అంటే హ్యాండిల్ ఒక్క చుట్టు తిప్పితే స్పూల్ 7.2 చుట్లు తిరుగుతుందని అర్థం. ఈ లెక్క ఒకసారి వేసి చూపిస్తాను, తరువాత ఏ ప్రకటన చదివినా మీకు అయోమయం ఉండదు. లైన్ నిండుగా చుట్టిన స్పూల్ వ్యాసం 34 మిల్లీమీటర్లు అనుకుందాం. చుట్టుకొలత సుమారు 10.7 సెంటీమీటర్లు అవుతుంది. 7.2 రేషియోలో ఒక్క చుట్టుకు దాదాపు 77 సెంటీమీటర్ల లైన్ లోపలికి వస్తుంది, 5.4 రేషియోలో 58 సెంటీమీటర్లే వస్తుంది. ఎర దూరం విసిరి లైన్ చాలా బయటికి పోయాక స్పూల్ వ్యాసం 28 మిల్లీమీటర్లకు తగ్గిందనుకోండి, అదే 7.2 రీల్ ఒక్క చుట్టుకు 63 సెంటీమీటర్లే లాగుతుంది. అందువల్ల రేషియో ఒక్కటే చూడకుండా, ఒక్క చుట్టుకు ఎంత లైన్ వస్తుందని రాశారో అది కూడా చూడడం మంచిది.

ఒక్కటే రీల్ కొనగలిగిన మనిషికి నేను 7 నుంచి 7.5 మధ్య రేషియో చెబుతాను. జిగ్, టెక్సస్ రిగ్ లాంటి అడుక్కి దించే ఎరలు వాడేటప్పుడు చేప ఎరను పట్టుకుని మీ వైపే ఈదుకొస్తే, వదులైన లైన్‌ను చకచకా చుట్టుకుని హుక్ దిగేలా గుంజడానికి ఆ వేగం కావాలి. నిదానంగా లాగవలసిన ఎర అయితే చెయ్యే నిదానంగా తిప్పుకోవచ్చు. నెమ్మది రీల్‌ను వేగంగా తిప్పడం కన్నా వేగం రీల్‌ను నెమ్మదిగా తిప్పడం తేలిక. లోతు క్రాంక్‌బెయిట్‌లకు మాత్రం ఇది ఒప్పుకోదు. వాటికి 5 చిల్లర రేషియోలోనే చేతికి సుఖం. మీరు అడిగింది ఆకుల మధ్య వాడకం గురించి కనుక అది ఇప్పటికి పక్కన పెట్టవచ్చు.

బేరింగుల సంఖ్య చూసి మోసపోకండి. పది బేరింగులు ఉన్నాయని పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసిన రీల్ కన్నా, నాలుగైదే ఉన్నా స్పూల్‌కు రెండు వైపులా మంచివి పెట్టి, గేరును గట్టిగా పట్టి ఉంచిన రీల్ ఎక్కువ కాలం మెత్తగా తిరుగుతుంది. డ్రాగ్ అంకెల విషయమూ అంతే. పెద్దనోరు బాస్‌లో ప్రపంచ రికార్డుగా నిలిచిన చేప 1932లో అమెరికాలోని జార్జియాలో దొరికింది. దాని బరువు సుమారు 10.1 కిలోలు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో దొరికినది దానికి సమానంగా నిలిచింది. అంతకన్నా చాలా చిన్న చేపల కోసం వెళ్లే మనకు 10 కిలోల డ్రాగ్ ఎందుకు? లైన్ తెగే బలంలో మూడో వంతుకో నాలుగో వంతుకో డ్రాగ్ బిగించడం చాలామంది పాటించే పద్ధతి. 14 పౌండ్ల లైన్, అంటే సుమారు 6.35 కిలోల బలానికి తెగేది, వేస్తే ఒకటిన్నర నుంచి రెండు కిలోల చిల్లర అన్నమాట. 5 కిలోల డ్రాగ్ ఉన్న రీల్ మీకు ధారాళంగా సరిపోతుంది. దాని గరిష్ఠ బలం కన్నా, ఎక్కడా పట్టేయకుండా ఒకే ఒత్తిడితో జారుతుందా లేదా అన్నది పరీక్షించుకోండి.

మీరు చెప్పిన మూడింటిలో నా మొగ్గు ఎస్‌ఎల్‌ఎక్స్ 151 హెచ్‌జీ వైపు. అది 7.2:1 రేషియోలో వస్తుంది, చట్రం లోహంది, చేతిలో చిన్నగా ఒదుగుతుంది. టాటులా వరుసలో ఎడమది దొరికితే అదీ మంచిదే. దానిలో లైన్ బయటికి వెళ్లే దారి వెడల్పుగా ఉండే ‘టీ’ ఆకారపు ఏర్పాటు ఉంటుంది, విసిరేటప్పుడు లైన్ రాపిడి తగ్గుతుంది. బ్లాక్ మ్యాక్స్ చట్రం గ్రాఫైట్‌ది, రేషియో 6.4:1. డబ్బు మరీ కటకటగా ఉంటే దానితో నేర్చుకోవడంలో తప్పు లేదు, కానీ దట్టమైన ఆకుల్లోంచి గుంజే పనికి లోహపు చట్రమే నాకు భరోసా ఇస్తుంది.

సమాధానం: పుర్రచెయ్యి

నిదానం గారు చెప్పిన మొదటి మాటను నేను నా అనుభవంతో బలపరుస్తాను. నాది పుట్టుకతో ఎడమచేతి వాటం. అన్నం తినడం తప్ప రాయడం, విసరడం అన్నీ ఎడమచేత్తోనే. మొదటి బెయిట్‌కాస్టింగ్ రీల్ కొనేటప్పుడు ‘ఎడమచేతి రీల్’ అన్న పేరు చదివి, నాలాంటివాళ్ల కోసమే చేశారని సంతోషంగా కొనేశాను. కొట్టతను కూడా నేను ఎడమచేత్తో సంతకం పెట్టడం చూసి, సరైనదే తీసుకున్నారన్నాడు.

నీళ్ల దగ్గరికి వెళ్లాక గానీ విషయం అర్థం కాలేదు. నేను విసిరేది ఎడమచేత్తో, హ్యాండిల్ ఉన్నదీ ఎడమ పక్కనే. అంటే ప్రతిసారీ విసిరి, రాడ్‌ను కుడిచేతికి మార్చుకోవలసి వచ్చింది. కొత్తగాలం గారు స్నేహితుడి రీల్‌తో పడిన అవస్థే నేను అద్దంలో బొమ్మలా తిరగేసి పడ్డాను. ఒక సీజన్ అంతా అలాగే నెట్టుకొచ్చాను, ఎందుకంటే వాడిన రీల్‌ను ఎవరూ వెనక్కి తీసుకోలేదు. మరుసటి ఏడాది మామూలు కుడి హ్యాండిల్ రీల్ తీసుకున్నాను. ఎడమచేత్తో విసరడం, కుడిచేత్తో తిప్పడం. చెయ్యి మార్చే పనే లేదు.

ఇది చదివే ఎడమచేతి వాటం వారికి ఒక మంచి కబురు ఏమిటంటే, మనం ఎడమచేత్తో విసిరేవాళ్లమైతే మనకు కావలసింది అన్నిచోట్లా దొరికే కుడి రీలే. రేషియోలు అన్నీ ఉంటాయి, పాతవి కూడా ఎక్కువగా దొరుకుతాయి. ఎడమ హ్యాండిల్ కోసం వెతుక్కోవలసినవారు నిజానికి కొత్తగాలం గారిలా కుడిచేత్తో విసిరేవారే. కొనేముందు ఒక్కసారి ఖాళీ రాడ్ పట్టుకుని, కళ్లు మూసుకుని విసిరినట్టు చెయ్యి ఊపి చూడండి. రాడ్ ఏ చేతిలో ఉందో చూసుకుని, హ్యాండిల్ రెండో పక్కన ఉన్నది కొనండి.

ప్రశ్న: కొత్తగాలం

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఎడమ హ్యాండిలే అని ఖాయం చేసుకున్నాను. ఇక నా భయమంతా బ్యాక్‌లాష్ గురించే, అంటే విసిరినప్పుడు స్పూల్ మీద లైన్ చిక్కుపడడం గురించే. స్నేహితుడి రీల్‌తో ఆ సాయంత్రం మూడోసారి విసరగానే స్పూల్ మీద లైన్ పిచ్చుక గూడులా లేచిపోయింది. అది విప్పడానికి అరగంట పట్టింది. అయస్కాంతం బ్రేకు మంచిదని కొందరు, సెంట్రిఫ్యూగల్ బ్రేకు మంచిదని కొందరు అంటున్నారు. నేర్చుకునేవాడికి ఏది నయం? ఇంకో సందేహం: ఇప్పుడున్న స్పిన్నింగ్ రాడ్‌కే ఈ రీల్ బిగించి, కొన్నాళ్లు గడపవచ్చా?

సమాధానం: బొటనవేలు

బ్యాక్‌లాష్ ఎందుకు వస్తుందో తెలిస్తే సగం భయం పోతుంది. విసిరిన మొదటి క్షణంలో ఎర వేగంగా లాగుతుంది కనుక స్పూల్ గిర్రున తిరుగుతుంది. గాలిలో వెళుతున్న కొద్దీ ఎర వేగం తగ్గుతుంది, కానీ స్పూల్ మాత్రం అదే జోరుమీద ఉంటుంది. ఎర అడిగినదానికన్నా ఎక్కువ లైన్‌ను స్పూల్ వదిలేస్తుంది, ఆ మిగులు లైన్ బయటికి వెళ్లే దారి లేక లోపలే ఉబ్బి చిక్కుపడుతుంది. బ్రేకులన్నీ ఉన్నది ఈ తేడాను తగ్గించడానికే.

సెంట్రిఫ్యూగల్ బ్రేకులో స్పూల్‌తో పాటు తిరిగే చిన్న చిన్న దిమ్మలు ఉంటాయి. స్పూల్ జోరందుకోగానే అవి బయటివైపు జరిగి, చుట్టూ ఉన్న వలయానికి రాసుకుని వేగాన్ని తగ్గిస్తాయి. వేగం ఎంత ఎక్కువైతే వాటి పట్టు అంతకన్నా బాగా పెరుగుతుంది కనుక, అవి విసిరిన మొదట్లో గట్టిగా పనిచేసి, చివర్లో దాదాపు వదిలేస్తాయి. అయస్కాంతం బ్రేకు దారి వేరు. స్పూల్ అల్యూమినియంది, దానిని అయస్కాంతం అంటుకోదు. అయినా అయస్కాంతం పక్కన లోహం వేగంగా తిరిగితే ఆ లోహంలో విద్యుత్ ప్రవాహాలు పుట్టి, తిరుగుడుకు ఎదురు లాగుతాయి. ఎక్కడా రాపిడి లేకుండానే వేగం తగ్గుతుంది. ఎర నెమ్మదించే చివరి భాగంలోనూ ఆ పట్టు కొంత మిగిలి ఉంటుంది.

నేర్చుకునేవారికి అయస్కాంతం బ్రేకు ఒక రకంగా సుఖం, ఎందుకంటే బయట ఉన్న డయల్ తిప్పితే చాలు. షిమానో ఎస్‌ఎల్‌ఎక్స్ 151లో ఉన్నది సెంట్రిఫ్యూగల్ పద్ధతి. దాని దిమ్మలను మార్చాలంటే పక్క మూత తీయాలి. డైవా టాటులాలో, బ్లాక్ మ్యాక్స్‌లో బయటి డయల్‌తో సర్దుకునే అయస్కాంతం పద్ధతి ఉంటుంది. ఈ కారణంగా మీకు టాటులా కూడా తక్కువేమీ కాదని నా అభిప్రాయం. గాలి మారినప్పుడల్లా మూత తీసే ఓపిక అందరికీ ఉండదు. షిమానోలోనే డీసీ అని చివర ఉన్నవి బ్రేకును ఎలక్ట్రానిక్‌గా నియంత్రిస్తాయి. వాటితో నేర్చుకోవడం తేలికే గానీ, ఆ అదనపు డబ్బు మంచి రాడ్ మీద పెట్టడం మేలని అనుకుంటాను.

ఇక సర్దుబాటు ఎలా చేయాలో నేను చేసే వరుసలోనే చెబుతాను. మొదట రాడ్ కొనను భుజం ఎత్తులో ఉంచి, ఎరను కొనకు దగ్గరగా చుట్టి, బొటనవేలు స్పూల్ మీద ఆనించి, స్పూల్‌ను వదిలే బటన్ నొక్కుతాను. హ్యాండిల్ పక్కన చిన్న గుండ్రటి నాబ్ ఒకటి ఉంటుంది. అది స్పూల్ టెన్షన్ నాబ్. బొటనవేలు తీసేస్తే ఎర మెల్లగా కిందికి దిగాలి, నేలను తాకగానే స్పూల్ ఆగిపోవాలి. ధడేలున పడి, స్పూల్ ఇంకా తిరుగుతూ ఉంటే నాబ్ కాస్త బిగించాలి. దిగనే దిగకపోతే వదులు చేయాలి. ఎర మార్చిన ప్రతిసారీ ఇది మళ్లీ చూసుకోవాలి. ఆ తరువాత బ్రేకును దాదాపు చివరిదాకా పెంచి మొదలుపెట్టాలి. ఎర 10, 15 మీటర్ల దూరమే పడుతుంది, పడనీయండి. చేతికి లయ కుదిరిన కొద్దీ ఒక్కో మెట్టు తగ్గించుకుంటూ వెళ్లాలి.

బొటనవేలు మాత్రం ఏ బ్రేకూ చేయలేని పని చేస్తుంది. ఎర నీటిని తాకబోయే ముందు స్పూల్‌ను మెత్తగా అదిమి ఆపాలి. ఎర ఆగిపోయాక కూడా తిరిగే స్పూల్‌ను ఏ తక్కువ ధర రీలూ పూర్తిగా ఆపలేదు. ఎదురుగాలిలో అయితే గాలిలో ఉండగానే వేలు లైన్ మీద ఈకలా తాకి ఉండాలి. నాకు ఇది వచ్చేసరికి మూడు వారాలు పట్టింది, రోజూ ఖాళీ మైదానంలో హుక్ తీసేసిన ఎరతో అరగంట విసిరేవాణ్ణి. ఒకరోజు సాయంత్రం చీకటి పడి లైన్ కనిపించని వేళ, బొటనవేలి కింద లైన్ ఉబ్బడం ముందుగా చర్మానికే తెలిసింది. చూపుకన్నా వేలే ముందు పసిగడుతుందని అప్పుడు తెలుసుకున్నాను.

నేర్చుకునేటప్పుడు 10 నుంచి 14 గ్రాముల ఎర వాడండి. 7 గ్రాములకన్నా తేలికైనవి తక్కువ ధర రీళ్ల మీద సరిగా ఎగరవు. వాటికి మీ పాత స్పిన్నింగ్ రీలే వాడుకోవడం ఉత్తమం. మొదటి లైన్‌గా 12 లేదా 14 పౌండ్ల మోనోఫిలమెంట్ (ఒంటిపోగు నైలాన్ లైన్, క్లుప్తంగా మోనో) చుట్టండి. ఫ్లోరోకార్బన్ అనే మరో రకం లైన్ మడత పడితే ఆ చోట బలహీనపడుతుంది, నేర్చుకునేవారి చేతిలో అది ఎక్కువ కాలం మిగలదు. చెయ్యి తిరిగాక ఆకుల కోసం 40, 50 పౌండ్ల అల్లిక లైన్‌కు మారవచ్చు. అప్పుడు ముందుగా కొద్దిగా మోనో చుట్టి దాని మీద అల్లికను ముడివేయాలి, లేకపోతే నున్నటి స్పూల్ మీద మొత్తం లైన్ జారి గిర్రున తిరుగుతుంది. ఏ లైన్ అయినా స్పూల్ అంచుకు మూడు మిల్లీమీటర్లు తక్కువగా ఆపండి. తక్కువ లైన్ ఉంటే స్పూల్ బరువూ తగ్గుతుంది, దాని జోరును ఆపడమూ తేలికవుతుంది.

చిక్కుకు భయపడకుండా ఒక చిన్న ఉపాయం ఉంది. మైదానంలో మీరు విసరగలిగినంత దూరం విసిరి, ఇంకో పది మీటర్ల లైన్ చేత్తో లాగి, అక్కడ స్పూల్ మీద మిగిలిన లైన్‌పై ఒక ముక్క టేపు అడ్డంగా అంటించి, మళ్లీ చుట్టేయండి. ఎంత పెద్ద చిక్కు వచ్చినా టేపు కిందికి దిగదు. అయినా చిక్కుపడితే, గుంజకండి. డ్రాగ్ బిగించి, బొటనవేలితో స్పూల్‌ను గట్టిగా అదిమిపట్టి, హ్యాండిల్ ఒకటి రెండు చుట్లు తిప్పండి. పైన లేచిన చుట్టలు అణిగిపోతాయి. ఇప్పుడు బటన్ నొక్కి లైన్‌ను మెల్లగా లాగితే చాలా చిక్కులు వాటంతటవే విడిపోతాయి. మరీ మొండివైతే ఇదే రెండోసారి చేయాలి.

స్పిన్నింగ్ రాడ్‌కు ఈ రీల్ బిగించడం కుదరదు. స్పిన్నింగ్ రీల్ రాడ్ కింద వేలాడుతుంది, బెయిట్‌కాస్టింగ్ రీల్ రాడ్ పైన కూర్చుంటుంది. రాడ్‌ను తిరగేసి బిగించినా, రీల్ దగ్గరున్న పెద్ద వలయాలు దీనికి పనికిరావు; లైన్ ఒకచోట నిలవకుండా కొట్టుకుంటుంది. వేలు ఆనించే ట్రిగ్గర్ ఉండదు కనుక విసిరేటప్పుడు రాడ్ చేతిలో నిలవదు. సుమారు ఏడు అడుగుల మీడియం హెవీ కాస్టింగ్ రాడ్ ఒకటి చూసుకోండి. రాడ్‌కు కుడి ఎడమ తేడా లేదు, అదొక ఊరట.

సమాధానం: పాతరీలు

రాడ్ కూడా కొనక తప్పదు కనుక, రీల్ పాతది తీసుకోవచ్చునేమో అని కొత్తగాలం గారికి ఆలోచన రావచ్చు. పాతది కొనడం తప్పు కాదు. అయితే ఎడమ హ్యాండిల్ రీళ్లు పాతవాటిలో తక్కువగా వస్తాయి, వచ్చినా మీరు కోరిన రేషియోలో ఉండకపోవచ్చు. నేను పాత రీల్ చేతికి రాగానే నాలుగు పనులు చేస్తాను. హ్యాండిల్‌ను చాలా నెమ్మదిగా తిప్పి, ఇసుక నలిగినట్టు తగులుతోందా అని వేళ్లతో వింటాను. బటన్ నొక్కి, టెన్షన్, బ్రేకు రెండూ వదులు చేసి స్పూల్‌ను ఒక్క తోపు తోస్తాను. చప్పుడు లేకుండా చాలాసేపు తిరిగి మెల్లగా ఆగితే స్పూల్ బేరింగులు బాగున్నట్టే. హ్యాండిల్‌ను వెనక్కి గుంజి చూస్తాను. ఏమాత్రం వెనక్కి జరిగినా, చేప మీద హుక్ కొట్టేటప్పుడు అది జారే ప్రమాదం ఉంది. చివరగా లైన్‌ను అటూ ఇటూ నడిపే గైడ్ రెండు అంచుల దగ్గర తడబడకుండా తిరుగుతోందా చూస్తాను. ఆ గైడ్ లోపలి చిన్న పళ్లు అరిగితే లైన్ ఒకేచోట కుప్పగా చుట్టుకుంటుంది.

ఈ నాలుగింటిలో గేరు గరగర ఒక్కటి ఉన్నా వదిలేయండి. స్పూల్ బేరింగుల చప్పుడు అయితే శుభ్రం చేసి, ఒక్క చుక్క నూనె వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఆ నూనె బేరింగులకే గానీ సెంట్రిఫ్యూగల్ దిమ్మలు రాసుకునే వలయానికి తగలకూడదు. తగిలితే బ్రేకు పట్టడం మానేస్తుంది.

కొత్తగాలం

అందరి మాటా విన్నాక, కొత్తదే తీసుకోవాలని నిర్ణయించుకున్నాను. ఎస్‌ఎల్‌ఎక్స్ 151 హెచ్‌జీ, ఎడమ టాటులా రెండూ చేతిలో పట్టి చూశాను. బయటి డయల్ సౌకర్యం గురించి బొటనవేలు గారు చెప్పింది గుర్తున్నా, నా అరచేతికి ఎస్‌ఎల్‌ఎక్స్ బాగా ఒదిగింది. పెట్టె మీద 151 అన్న అంకెను రెండుసార్లు చదివి మరీ తీసుకున్నాను. 14 పౌండ్ల మోనో చుట్టించాను, అంచుకు మూడు మిల్లీమీటర్లు వదిలి. ఏడడుగుల రాడ్ వచ్చే వారం వస్తుంది. అప్పటిదాకా స్నేహితుడి రాడ్ అడిగి, టేపు అంటించి, హుక్ లేని 14 గ్రాముల ఎరతో మైదానంలో మొదలుపెట్టాను. మొదటిరోజు నలభైసార్లు విసిరితే పదకొండుసార్లు చిక్కుపడింది, నిన్న అన్నేసార్లు విసిరితే నాలుగు. స్పూల్ అదిమి హ్యాండిల్ తిప్పే ఉపాయంతో ఒక్కటి తప్ప అన్నీ నిమిషంలో విడిపోయాయి.